ఒక టిక్కెట్టు, రెండు కథలు

ఇంగ్లీషు సినిమాకి తెలుగులో కథ చెప్పడం ఎంతసేపు, బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది కదా అనుకునేవాణ్ణి. డిగ్రీ చదువుతున్న రోజులు. ఎనభైల చివర్లో విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర రేకుల షెడ్డులో ఒక వీడియో సెంటరు ఉండేది. అద్దె వీసీఆర్, కలర్ టీవీ, కింద చాపలు. వేట నుంచి దిగిన కళాసీలు రాత్రిళ్ళు వచ్చి కూర్చునేవారు. ఓడల మీద పనిచేసేవాళ్ళు తెచ్చిన కేసెట్లు ఆడేవి. టీవీ పక్కన నిలబడి కథ చెప్పడం నా పని. మూకీల కాలంలో తెర పక్కన ఇలాగే వ్యాఖ్యాతలుండేవారని ఎక్కడో చదివి, నేనూ ఆ వంశంవాణ్ణే అనుకునేవాణ్ణి.

అమెరికా వాళ్ళ యాస నాకు సగం కూడా అర్థమయ్యేది కాదు. అర్థం కాని చోట కల్పించేవాణ్ణి.

‘సైలెంట్ నైట్, డెడ్లీ నైట్’ అలాగే చెప్పాను. 1984 సినిమా. క్రిస్మస్ తాత వేషంలో మనుషుల్ని నరికేవాడి కథ. అక్కడ పిల్లల తల్లిదండ్రులు థియేటర్ల ముందు ధర్నాలు చేస్తే ట్రైస్టార్ కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుందని చాలా ఏళ్ళకి తెలిసింది. మొదట్లోనే తాత వేషంలో ఉన్న ఒకడు రోడ్డు మీద కారాపి, పిల్లాడి కళ్ళముందే అమ్మానాన్నల్ని చంపుతాడు. ఊరికే చంపితే మనవాళ్ళకి రుచించదని నేనే నిర్ణయించి, “పిల్లాడి బాబాయి, ఆస్తి కోసం” అనేశాను. అనాథాశ్రమంలో వాణ్ణి బెల్టుతో కొట్టే మదర్ సుపీరియర్‌ని మేనత్తని చేశాను. రాస్ హిల్ మీద మేరీమాత చర్చికి ఎక్కే మనుషుల ముందు! ఎవరూ ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి నమ్మారనుకున్నాను.

కొన్నాళ్ళకి రెండో భాగం దొరికింది. 1987లో లీ హ్యారీ తీసింది. నిర్మాతలు అసలు పాత సినిమానే కత్తిరించి అతికించి అమ్మేద్దామనుకున్నారట. ఆయన కాస్త కొత్త షూటింగ్ చేర్చాడు. అయినా 88 నిమిషాల్లో దాదాపు 40 నిమిషాలు పాత ముక్కలే. ముందు ఒకసారి చూసుకుంటే తెలిసేది. చూడకుండానే చెప్పగల మొనగాణ్ణి కదా, బోర్డు మీద ‘సరికొత్త’ అని కూడా నా చేత్తోనే రాశాను.

ఆసుపత్రి గదిలో ఒక కుర్రాడు డాక్టరుతో మాట్లాడుతుంటాడు. ఆ మాటల్లోంచి పాత దృశ్యాలు వస్తాయి. తాత వేషం కనపడగానే, పోయినసారి ఏం చెప్పానో మరిచిపోయి, “వీడు మేనమామ, పాత పగ” అన్నాను.

షెడ్డులో నవ్వులు. వెనకనుంచి ఒక ముసలి సరంగు అడిగాడు: “మొన్న బాబాయన్నావు కదా బాబూ, ఇయ్యాల మావయ్యెలాగయ్యాడు?”

నీళ్ళు నమిలాను. ఆయన తీరిగ్గా చెప్పుకొచ్చాడు: “ఆడు సుట్టమూ కాదు, పక్కమూ కాదు. కొట్టు దోసుకుని పారిపోతన్న దొంగ. అప్పుడు కార్లో సంటోడున్నాడు సూడు, ఆడే ఇప్పుడు పెద్దోడయి డాట్రుతో మాటాడతన్నాడు.”

కార్లో పసివాణ్ణి చూసిన గుర్తే లేదు నాకు. చూసే తీరిక ఎక్కడిది, మాట్లాడుతున్నాను కదా! అందని ఇంగ్లీషు మాట కోసం చెవులు రిక్కించి, ఈలోగా కథ అల్లుకుంటూ, కళ్ళముందున్న బొమ్మనే వదిలేశాను. ఇంగ్లీషు బెంగ లేనివాళ్ళు కనక వాళ్ళు మొదటి రోజు నుంచీ మొత్తం చూశారు. మరి ఇన్నాళ్ళూ నన్నెందుకు భరించారని తర్వాత ఒక కళాసీని అడిగాను. ఒక టిక్కెట్టుకి రెండు కథలొస్తుంటే కాదంటామా అన్నాడు. నవ్వకండి. మనకొచ్చిన భాష రానివాళ్ళు ఎదురుగా కూర్చుంటే మీ నోరైనా కాస్త పెద్దదవుతుంది.

డబ్బులు వెనక్కి అడుగుతారని భయపడ్డాను. అడగలేదు. “నువ్వూ కూకో” అన్నారు. చాప మీద కూర్చున్నాను. ఇంకాసేపటికి ఆ కుర్రాడు పిస్తోలు పట్టుకుని వీధిలో నడుస్తూ, చెత్తడబ్బా బయట పెడుతున్న ఒకాయన్ని ఊరికే కాల్చేస్తాడు. షెడ్డంతా పడీ పడీ నవ్వింది. ఆ చెత్తడబ్బా ఆయనకీ వీడికీ ఉన్న పాత పగేమిటో నా నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఎవరూ నావైపు తిరగలేదు.