ఏ జట్టులో ఎవరు?

చెప్పొద్దూ, లెక్కలంటే నాకు చిన్నప్పట్నుంచీ హడలు. అలాంటిదాన్ని మొన్న వేసవి సెలవుల్లో మా ఆడపడుచు బడి టైంటేబుల్ వెయ్యడానికి కూర్చోబెట్టింది. తను చల్లపల్లిలో ఓ హైస్కూల్లో లెక్కల టీచరు.

"పాతికమంది పాత్రల్ని ఒకళ్లకొకళ్లు అడ్డం రాకుండా నవల్లో నడిపిస్తావుగా వదినా! ఇదీ అంతే" అంది.

పొగడ్తకి పడనివాళ్లెవరు? కాఫీ గ్లాసు పట్టుకుని కంప్యూటరు ముందు చేరాను.

వెనకటికి హెడ్మాస్టరుగారు పెద్ద కాగితంమీద గళ్లు గీసి, రబ్బరు అరిగేదాకా చెరిపి చెరిపి రాసేవారు. ఇప్పుడా పని 'ఫెట్' అనే ప్రోగ్రాం చేసిపెడుతుంది. రుమేనియాలో లివియు లాలెస్కు అనే ఆయన 2002లో మొదలుపెట్టాడు. పైసా ఖర్చులేదు. అయితే పిల్లల్ని జట్లుకట్టి చెప్పాల్సింది మాత్రం మనమే. ముందు తరగతి, అందులో గ్రూపు, గ్రూపులో సబ్‌గ్రూపు.

పదో తరగతిలో ఎ, బి అని రెండు సెక్షన్లు. రెంటిలోనూ కొందరు కాంపోజిట్ తెలుగు తీసుకున్నారు. అంటే తెలుగుతోపాటు సంస్కృతమూ చదవాలి. సంస్కృతం మాస్టారు ఒక్కరే గనక ఇటువాళ్లూ అటువాళ్లూ కలిసి ఆయన దగ్గరికి వెళతారు. సరేనని 'సంస్కృతం' పేరుతో విడిగా ఓ జట్టు రాసేశాం. వారానికి ఆరు రోజులు, రోజుకి ఎనిమిది పీరియడ్లు. 48 గళ్లూ చక్కగా నిండాయి. మురిసిపోయాం. తీరా చూస్తే బుధవారం మూడో పీరియడ్ ఎ సెక్షన్‌కి లెక్కలు, అదే గంటకి సంస్కృతం! 11 మంది పిల్లలు ఒకేసారి రెండు గదుల్లో కూర్చోవాలి.

తప్పు దానిది కాదు. ఎ సెక్షన్లో ఉన్నవాళ్లే సంస్కృతంలోనూ ఉన్నారని మేం చెప్పలేదు. ఒకే చుట్టాన్ని మగపెళ్లివారి బంతిలోనూ ఆడపెళ్లివారి బంతిలోనూ లెక్కేసి రెండు విస్తళ్లు వేసినట్టయింది. ప్రతి సెక్షన్నీ రెండు సబ్‌గ్రూపులు చేసి, సంస్కృతం గంటకి ఆ రెండు సెక్షన్ల సబ్‌గ్రూపుల్నీ కలిపి రాశాక గొడవ తీరింది.

ఏ పిల్ల ఏ గంటకి ఎక్కడుంటుంది? దానికి కావలసింది అంతే. ఎవరు తెలివైనవాళ్లు, ఎవరు కారు అని అది అడగదు. అడిగేది మనమే.

ఆ తర్వాత మా ఆడపడుచు తొమ్మిదో తరగతి మార్కులు చూసి ఇంకో జట్టు కట్టింది. లెక్కల్లో వెనకబడ్డ 12 మంది. జట్టు పేరు 'డల్'. ఆటల పీరియడ్లోనూ లైబ్రరీ పీరియడ్లోనూ వాళ్లకి అదనంగా లెక్కలు.

నాకు కాఫీ సహించలేదు. పదో తరగతి అర్ధసంవత్సర పరీక్షల్లో నాకు లెక్కల్లో 34 వచ్చాయి. ఆ ఒక్క మార్కుకి నన్నూ ఇలాగే ఓ జట్టులో వేసి, లైబ్రరీ పీరియడ్ తీసేశారు. అబద్ధమెందుకు, ఆ క్లాసు వల్లే పబ్లిక్ పరీక్షలో గట్టెక్కాను. కానీ నా స్నేహితురాళ్లు కొత్త పుస్తకాలు పట్టుకుని వరండాలోంచి వెళుతుంటే కిటికీలోంచి చూడ్డం ఇప్పటికీ మర్చిపోలేదు.

అదే చెప్పాను.

"అలాగని వదిలేస్తే మార్చిలో తప్పుతారు. అప్పుడు లైబ్రరీ కాపాడుతుందా?" అంది.

అదీ నిజమే. పోనీ సాయంత్రం ఆపుదామంటే, ఘంటసాల నుంచీ మోపిదేవి నుంచీ బస్సుల్లో వచ్చే పిల్లలాయె.

చివరికి దారి తనకే తట్టింది. వారానికి మూడు లెక్కల పీరియడ్లు రెండు సెక్షన్లకీ ఒకే గంటలో పెట్టింది. ఆ గంటలో ఈ 12 మందీ తన దగ్గరికి, మిగిలినవాళ్లు మరిద్దరు మాస్టర్ల దగ్గరికి. ఆటలకీ లైబ్రరీకీ ఎసరు లేదు. పోయిందల్లా శనివారం తనకున్న ఖాళీ పీరియడ్. సంస్కృతం ఉన్నవాళ్లు, లేనివాళ్లు, లెక్కలొచ్చినవాళ్లు, రానివాళ్లు అని సెక్షన్‌కి నాలుగేసి సబ్‌గ్రూపులయ్యాయి. ఒక దాంట్లో ఒకే ఒక్క పిల్ల మిగిలింది. ఒక్కతయినా మిషన్‌కి జట్టు జట్టే. ఆ పిల్లకీ 48 గళ్లు నింపింది.

"ఆ పేరొక్కటి మార్చు" అన్నాను.

"ఎవరు చూస్తారు వదినా?"

"రేపు అచ్చుతీసి గోడకి అంటిస్తారు. పిల్లలు చూడరూ?"

"మరేం పెట్టను?"

"నీ పేరు పెట్టు. చెప్పేది నువ్వేగా."

కాసేపు తెరవంక చూసింది. 'డల్' చెరిపేసి తన పేరు కొట్టింది.

"అయితే వదినా, ఇందులో ఎవరు తప్పినా నేను తప్పినట్టే" అంది.