అశోకవనం దాటని క్యాసెట్టు

12 నవంబరు 2024, మంగళవారం

ఐదింటికి ఆంజనేయస్వామి గుడి మైకు మొదలైంది. ఎం.ఎస్. రామారావు గారి సుందరకాండ. నాకు యాభై ఏడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ శృంగవరపుకోటలో ఈ వీధిలోనే ఉన్నాను కాబట్టి ఆ గొంతు నాకు కోడికూత లాంటిదైపోయింది. చెవిన పడుతుంది, అంతే.

ఇవాళ పాలు పొంగిపోకుండా పొయ్యి దగ్గర కాపలా నిలబడ్డప్పుడు ఒక సంగతి తట్టింది. హనుమంతుడు కొండెక్కుతాడు, ఎగురుతాడు. మైనాకుడు, సురస, లంకిణి వస్తారు. అశోకవనంలో చెట్టెక్కి కూర్చుంటాడు. సరిగ్గా అక్కడికి అభిషేకం వేళవుతుంది, మైకు కట్టేస్తారు. లేదంటే కరెంటు పోతుంది. ఇన్నేళ్లలో నా చెవుల్లో లంక ఒక్కసారి కూడా తగలబడలేదు.

ఇంట్లో అమ్మ క్యాసెట్టు ఒకటి ఉండేది. కంపెనీది కాదు, బజార్లో అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టు కొనిచ్చి ఎక్కించుకున్నది. అదీ అశోకవనంలోనే, మాట మధ్యలో టక్కున ఆగిపోయేది. అమ్మ దాన్ని తిరగేసి మళ్లీ మొదట్నుంచి పెట్టేది.

13 నవంబరు, బుధవారం

రాత్రి మేనల్లుడు వైజాగ్ నుంచి వచ్చాడు. గిటారు పాటల పిచ్చి వాడికి. సంగతి చెబితే నవ్వాడు. "సగం ఆల్బమ్ విని విన్నానంటావేంటి మావయ్యా? రాసింది, ట్యూన్ కట్టింది, పాడింది ఒక్కరేనా? అయితే ఆయన సింగర్ సాంగ్‌రైటరు" అన్నాడు. దానికి మనకి వాగ్గేయకారుడని పాత మాటే ఉందిరా అన్నాను. బాలాంత్రపు రజనీకాంతరావు గారు ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము రాస్తే 1961లో సాహిత్య అకాడెమీ అవార్డు ఇచ్చారని కూడా చెప్పాను. వాడు ఆవలించాడు. నిజానికి ఆ మాటని మనం అన్నమయ్యకీ త్యాగయ్యకీ ఇచ్చేసి గుళ్లో పెట్టి తాళం వేశాం. పెదబొండపల్లిలో పుట్టిన మన వంగపండుని ఎవరైనా అలా అన్నారా?

వెళ్లేముందు నా ఫోన్లో మొత్తం సుందరకాండ వెతికి పెట్టి, తన చిన్న స్పీకరు కూడా వదిలేసి పోయాడు.

15 నవంబరు, శుక్రవారం, కార్తీక పౌర్ణమి

ఊరంతా పుణ్యగిరి మీదే ఉంది. జిరాక్సు కొట్టు తియ్యలేదు. అమ్మ మోకాళ్లతో మెట్లెక్కలేదు కాబట్టి మేమిద్దరం వసారాలో కూర్చున్నాం. స్పీకరు అమ్మ మంచం మీద, కుడిచెవి వైపు పెట్టాను. ఎడమది పనిచెయ్యదు.

ఒకటే బాణీ. హనుమంతుడు ఎగిరినా అదే, సీత ఏడ్చినా అదే. మొదటి పావుగంట నాకు విసుగే వచ్చింది, ఎందుకబద్ధం. తర్వాత బాణీ వినపడ్డం మానేసి కథ వినపడ్డం మొదలైంది. గమకాల విన్యాసాలు లేవు, రాగాలాపన లేదు. అక్షరం రాని మనిషి కూడా వెంటబడి పాడుకోగలిగిన నడక. అమ్మకి అక్షరం రాదు. మొదటి సగం పెదాలు కదుపుతూనే ఉంది. మైనాకుణ్ణి "మేనకుడు" అంటుంది. హనుమంతుడు ఎగిరిన మహేంద్రగిరి మందస దగ్గర మన కొండేనంటుంది. వాల్మీకి చెప్పింది దక్షిణాదిలో వేరే కొండ అంటారు పండితులు. నేను నోరెత్తలేదు.

ప్రతి చరణం చివరా పల్లవి తిరిగొస్తుంది. హనుమంతుడనే గురువు తన గుండెలో చెప్పిన కథని తాను చెబుతున్నానంటాడాయన. అందులో ఆ "నేను" ఉన్నట్టు ఇవాళే గమనించాను.

అశోకవనం వచ్చింది. అలవాటు కొద్దీ అమ్మ స్పీకరు వైపు చెయ్యి చాచింది, తిరగెయ్యడానికి. పాట ఆగలేదు. అమ్మ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. అక్కణ్ణుంచి పెదాలు కదపలేదు. ఆనవాలుగా ఉంగరం, చూడామణి, తోకకి నిప్పు. అంతలో కిరండూలు వైపు నుంచి ఖనిజం గూడ్సు వచ్చింది. అది పోయేదాకా పాట ఆపమంది. లంక కాలుతున్న చోట ఐదు నిమిషాలు ఆగాం.

చూడామణి రాముడి దగ్గరికి చేరింది. పాట అయిపోయింది.

"ఏటిరా, అయిపోనాదా? మరి సముద్రం ఎలాగ దాటినారు?"

"అది యుద్ధకాండమ్మా. ఇందులో రాదు."

"గట్టు కట్టకండానే ఒగ్గేసినాడా?"

అమ్మకి గట్టంటే తాటిపూడి గట్టే. అరవైల్లో గోస్తని మీద రిజర్వాయరు కడుతున్నప్పుడు అక్కడ తట్టలు మోసింది.

17 నవంబరు, ఆదివారం

రామారావు గారి గురించి చదివాను. ఎం.ఎస్. అంటే మోపర్తి సీతారామారావు. కథానాయికా నాయకులిద్దరూ పేరులోనే ఉన్నారు! 1921లో గుంటూరు జిల్లా మోపర్రులో పుట్టారు. తెలుగు సినిమాకి మొదటి నేపథ్య గాయకుడు ఆయనేనంటారు, 1944 నాటి తహసీల్దార్‌లో. తర్వాత మద్రాసు వదిలి రాజమండ్రి వచ్చి గుమాస్తా ఉద్యోగం చేసుకున్నారు. సుందరకాండ ఆ తర్వాతి సంగతి. సినిమాలో ఇంకొకరి మాటకి ఇంకొకరు కట్టిన బాణీలో, ఇంకొకరి పెదాల కోసం పాడిన మనిషి. సుందరదాసు అని పేరొచ్చింది మాత్రం మూడూ తనవే అయినప్పుడు. 1992లో పోయారు. అప్పుడు నాకు పాతికేళ్లు, రోజూ ఆ గొంతుతోనే నిద్రలేస్తున్నాను. పోయినట్టు కూడా నాకు తెలీదు.

19 నవంబరు, మంగళవారం

మైకు మామూలుగానే అశోకవనంలో ఆగిపోయింది. నేను పళ్లు తోముకుంటున్నాను. లోపల్నుంచి పాట ఆగలేదు. ఫోను నా జేబులోనే ఉంది.

వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ పాడుతోంది. బాణీ రామారావు గారిదే, మాటలు కావు. కోతులు రాళ్లు మోస్తున్నాయి. తట్టలు నెత్తినెట్టుకుని వరసగా నడుస్తున్నాయి. మేస్త్రీ ఎవడో గదమాయిస్తున్నాడు. గట్టు ఇంకా సగంలోనే ఉంది.