ఎవరి సంతకము?

మన పాఠశాల వార్షిక సంచికకు వ్యాసమొకటి వ్రాసి పంపుడని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, బడిదినములను గూర్చి వ్రాయుదమని మొదట తలంచితిమి. గంట, చింతచెట్టు, లెక్కల పంతులుగారు, వీరిని గూర్చి మాకంటె చక్కగా వ్రాయగల పూర్వవిద్యార్థులు ప్రతి సంచికలోను గలరు. కావున ఈ నడుమ మేము చేసిన యొక పనిని, అందు మేము పడిన తొట్రుపాటును జెప్పబూనితిమి. ఇది వ్యాపారమునకు సంబంధించినది. ఆ మాట వినగానే మన బాలికలు పుట త్రిప్పివేయుదురేమో; కొంచె మోపిక పట్టవలెనని మా ప్రార్థన.

ఇప్పుడు వర్తకలోకమందెల్ల ‘మెంటారు’ అను మాట వినబడుచున్నది. అనుభవము గలవారు క్రొత్తగా పైకి వచ్చుచున్నవారికి తోడుండి మంచిచెడ్డలు చెప్పుట యని దాని భావము. మాట గ్రీకులది. హోమరు మహాకవి ఒడిస్సీ కావ్యమందు మెంటారు ఒక వృద్ధుడు. ఒడిస్సియసు యుద్ధమునకు బోవుచు తన యింటి నతని కప్పగించి పోయెను. కాని రాకుమారుడగు టెలిమాకసునకు ధైర్యము చెప్పి, తండ్రి జాడ వెదకుటకు ఓడ యెక్కించినది ఆ వృద్ధుడు కాడు. అతని రూపము దాల్చి వచ్చిన అథీనా దేవి. అనగా బుద్ధి చెప్పినది స్త్రీ, పేరు మాత్రము పురుషునిది. పని యొకరిది, పేరొకరిది యగుట నాటినుండియే కలదు కాబోలు!

స్త్రీలకొఱకు ఇట్టి యేర్పాట్లు దేశదేశముల నడుమ సాగుట యిటీవలి సంగతి. 1995 సంవత్సరమున బీజింగు నగరమందు ఐక్యరాజ్యసమితివారు స్త్రీల నాల్గవ ప్రపంచ మహాసభ జరిపిరి. దాని వెనువెంట 1997లో అమెరికా ప్రభుత్వమందు ‘వైటల్ వాయిసెస్’ అను ప్రయత్నము పుట్టి, పిమ్మట స్వతంత్ర సంస్థ యయ్యెను. 2006లో ఫార్చ్యూను పత్రికవారును అమెరికా విదేశాంగశాఖవారును ఆ సంస్థతో గలిసి యొక పద్ధతి యారంభించిరి. పలుదేశముల యువ వర్తకురాండ్రను గొన్నివారములపాటు అమెరికాకు రప్పించి, పెద్ద కంపెనీలను నడుపు స్త్రీల ప్రక్కను గూర్చుండబెట్టి పని చూపించుటయే ఆ పద్ధతి. 2008లో గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకువారు పదికోట్ల డాలర్లతో పదివేలమంది స్త్రీలకు వ్యాపారవిద్య నేర్ప సంకల్పింపగా, మన హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ అందు భాగము వహించెను. అదే యేట ఇంగ్లండులో న్యాయవాదియు, మాజీ ప్రధానమంత్రిగారి భార్యయు నగు చెరీ బ్లేరుగారు తన పేర నొక సంస్థ నెలకొల్పిరి. ఆ సంస్థవారు 2010 నుండి ఎవరును విమాన మెక్క నక్కఱలేకుండ ఇంటర్నెట్టు మూలముననే ఒక దేశపు అనుభవశాలిని మఱియొక దేశపు వర్తకురాలితో ఏడాదిపాటు జతపఱుపసాగిరి. నెలకు రెండుగంటల మాట, అంతే.

అట్టి యేర్పాట్లలో నొకదానియందు మేమును పేరు వ్రాయించుకొంటిమి. ముప్పదియేండ్లు ఖాతాలు చూచి యుద్యోగము విరమించినవారము గదా, లాభనష్టముల పట్టీ కన్నులు మూసికొని వేయగలమను గర్వము మాకు గలదు.

మాకు జతపడిన యామె కెన్యాదేశమందలి నకూరు పట్టణమున రొట్టెల దుకాణము నడుపుచుండెను. వయసు ముప్పదిరెండు, పనివారు నలుగురు. మా యిరువురికిని ఇంగ్లీషే యాధారము. మొదటినాడే యామె మమ్ము ‘మామా’ అని పిలువగా మాకు నవ్వాగలేదు. మనకు మామ యనగా మేనమామ; వారి స్వాహిలీ భాషలో తల్లి యట. చపాతీని వారును చపాతీ యనియే యందురు. అక్కడి కాలమునకును మన కాలమునకును రెండున్నర గంటల భేదము. ఆమె తెల్లవాఱుజామున రొట్టెలు దింపి యేడింటికి గూర్చుండునప్పటికి మాకు తొమ్మిదిన్నర.

మూడునెలలు మేము పాఠములు చెప్పితిమి. ఇంటి సొమ్ము వేఱు, దుకాణపు సొమ్ము వేఱనియు, అరువు మితిమీఱ రాదనియు, పిండి ధర పెరిగిన దినముననే రొట్టె ధర లెక్కచూచుకొనవలెననియు జెప్పితిమి. ఆమె “అవును మామా, అవును మామా” అనుచు వ్రాసికొనెడిది. ఇంతలో నొక వసతిపాఠశాలవారు దినమునకు నాలుగువందల రొట్టెలు కావలెనని యడిగిరి. ఉన్న పొయ్యి చాలదు. “నేడే బ్యాంకునకు అర్జీ పెట్టుము, ఆలస్యమేల?” అంటిమి. ఆమె పలుకలేదు. తరువాతి రెండు సమావేశములకు రానేలేదు. పిల్ల సోమరి యని తలంచితిమి. సిగ్గువిడిచి చెప్పుచున్నాము, నిర్వాహకులకు ఫిర్యాదు సగము వ్రాసితిమి గూడ.

మూడవమాఱు ఆమె వచ్చెను. ఆనాడు మా వెనుకనున్న బల్లపై లేసుగుడ్డ యొకటి పఱచియుండెను. “అది యెవరు చేసినది?” అని యడిగెను. ఖాతా సంగతులు చెప్పుటకు సిద్ధమై కూర్చున్న మేము, దారి తప్పి, మా తల్లిగారి సంగతి చెప్పితిమి.

మా తల్లిగారిది నరసాపురపు వైపు గ్రామము. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీ దొరసానులు నేర్పిన లేసుపని యా ప్రాంతమున ఇంటింటను నాటుకొన్నది. ఒకరు పువ్వు లల్లుదురు, అది చేతిపని. వేఱొకరు వానిని జేర్చి కుట్టుదురు, అది అతుకుపని. మా తల్లిగారు వంట ముగించి యరుగుమీద గూర్చుండి, సూది యాడుచునే మాకు ఎక్కములు చెప్పించెడివారు. దారము ఏజెంటు తెచ్చును, పువ్వులు ఏజెంటు పట్టుకొనిపోవును. ఆ గుడ్డ యే దేశమునకు బోయెనో, అచ్చట నెంతకు అమ్ముడుపోయెనో యామె యెఱుగదు. జనాభా లెక్కలవారు వచ్చి “మీ భార్యగారు చేయు పని యేమి?” యని యడిగినప్పుడు, మా తండ్రిగారు “ఏమియు లేదు, ఇంటనే యుందురు” అనిరి. ఆ క్షణమున గూడ ఆమె చేతిలో సూది యున్నది. జర్మను విదుషి మరియా మీస్ గారు నరసాపురపు లేసు స్త్రీలనుగూర్చి 1982లో ప్రకటించిన గ్రంథమందు ఇదే వ్రాసిరి: అల్లువారందఱు స్త్రీలు, ఎగుమతి వర్తకులు పురుషులు, అల్లువారిని లోకము కూలివారనక గృహిణు లనును. మా యింటి మాట యామె కెట్లు తెలిసెనా యని, ఆ గ్రంథము చదివినప్పుడు మే మాశ్చర్యపడితిమి.

నకూరులో నామె చాలసే పూరకుండి, పిదప నొక్కొక్క మాటే చెప్పసాగెను. దుకాణపు అనుమతిపత్రము, గది అద్దె కాగితము ఆమె బావగారి పేర నున్నవి. బ్యాంకువారు తాకట్టుకు భూమి చూపుమనిరి, భూమియు నాతనిదే. సంతకము పెట్టెదను గాని క్రొత్తపొయ్యి గూడ నా పేరనే యుండవలెనని యాతడనెను. “మామా, మీరు లెక్కలు తెలిసినవారు. ఆరేండ్లుగా నేను నడుపుచున్న దుకాణము నాది కాదని మీతో నెట్లు చెప్పుదును?” అనెను.

మా సగము ఫిర్యాదును ఆ రాత్రియే చింపివేసితిమి.

చింపినంతమాత్రమున జవాబు దొరకునా? కొన్ని దినములు పుస్తకములు త్రిరుగవేసితిమి. మాకు మిక్కిలి వింతగొల్పినది అమెరికా సంగతి. ఆ దేశమందు గూడ కొన్ని రాష్ట్రములలో స్త్రీ వ్యాపారమునకు అప్పు కోరినచో తండ్రియో భర్తయో అన్నదమ్ములో సంతకము చేయవలసియుండెడిది. 1988లో చేసిన చట్టముతో గాని యది తొలగలేదు. 2006లో ఇతర దేశముల యువతులను ప్రక్కను గూర్చుండబెట్టుకొన్న పెద్ద యధికారిణులలో పలువురు ఆ కాలమును కన్నులార చూచినవారే! మన యాంధ్రదేశమున, అప్పటికి పెండ్లి కాని కుమార్తెకు హిందూ కుటుంబపు ఉమ్మడి యాస్తిలో కుమారునితో సమానభాగము 1985 నుండి వచ్చెను. దేశమంతటను కుమార్తెలకు 2005 నుండి. కెన్యాలో 2010 నాటి రాజ్యాంగము వివాహమందు భార్యాభర్తలకు సమానహక్కులు చెప్పినది. అయినను హక్కు గ్రంథమందుండుట వేఱు, దానిని బావగారి యెదుట నిలిచి పలుకుట వేఱు. ఇవన్నియు ఆమెకు జెప్పితిమి. ఆమె శ్రద్ధగా విన్నది. కాని పొయ్యి వీనివలన రాలేదు.

పొయ్యిని దెచ్చినది ఆమె తెలివియే. ఆ దేశమున స్త్రీలు పదిమంది చేరి నెలనెల సొమ్ము కూడవేసికొను సంఘములు గలవు. ‘చామా’ యని వాని పేరు. తన చామాలో అప్పు దీసికొని, వాడిన చిన్నపొయ్యి యొకటి కొని, వేఱొక వీథిలో ఇఱుకుగది తన పేర అద్దెకు దీసికొనెను. అనుమతిపత్రముమీద ఆమె సంతకమే. పాఠశాలకు నాలుగువందలు కాదు, నూటయేబది మాత్రమే యీయగలనని ధైర్యముగా జెప్పెను, వారొప్పుకొనిరి. నష్టము లేకపోలేదు. పనివారిలో ఇరువురు పాతగదిలోనే నిలిచిరి. బావగారు నాలుగునెలలు ఆమె యింట కాఫీ త్రాగలేదు. మేము చేసినదెల్ల, బావగారితో చెప్పవలసిన మాటలను ముందుగా మాతో చెప్పించి, బావగారివలె ఎదురు ప్రశ్నలు వేయుట. ఆ వేషము మాకు బాగుగనే కుదిరెనని యామె యనెను!

ఇట్టి యేర్పాట్లలో మాకు గోచరించిన కొఱత యొకటి యున్నది. ఇంగ్లీషు వచ్చి, కంప్యూటరు గలిగి, ఒక మెట్టు నెక్కినవారికే ఇవి చేయి యందించుచున్నవి. మా తల్లిగారు అర్జీ పెట్టియుండినచో మొదటి పుటయందే త్రోసివేసియుందురు. అట్లని ఇవి పనికిమాలినవని మే మనము. నకూరులోని యా యిఱుకుగదిని మేము చూచితిమి.

ఏడాది ముగిసినప్పుడు ఆమెకు నరసాపురపు లేసుగుడ్డ యొకటి కొని తపాలలో బంపితిమి. అది చేరినదని వ్రాయుచు నామె యడిగెను: “మామా, పొట్లములో బిల్లున్నది. అందు వర్తకుని పేరున్నది. అల్లినవారి పేరేది?”

నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరికి పేరు వచ్చినది గదా యని ఆమెకు వ్రాయబోయి, మానుకొని, మరుసటివారము ఆ దుకాణమునకే పోయి యడిగితిమి. యజమాని మర్యాదస్థుడు. “ఈ గుడ్డలో తొమ్మిదిమంది చేతులున్నవమ్మా, ఎవరి పేరని వ్రాయమందురు?” అని నవ్వి, ఏజెంటు పుస్తకము తెప్పించి చూపెను. అందు ఫలానావారి భార్య, ఫలానావారి కోడలు, ఫలానావారి తల్లి యని వరుసగా నున్నది; ఎదుట రూపాయలున్నవి. మధ్యాహ్నమువఱకు ఆ వీథులలో తిరిగితిమి. మూడు పేర్లు మాత్రము దొరకినవి. వానిని ఆ రాత్రియే నకూరునకు వ్రాసి పంపితిమి.