ఉంగరంలో పగడం, నీళ్లలో పగడం

కిందటి ఏప్రిల్ సెలవుల్లో ఫిజీలో స్కూబా డైవింగ్ చేయాల్సిందేనని మా అమ్మాయి పట్టు పట్టింది. దానికి పన్నెండేళ్లు. కొవ్వూరులో ఉన్న మా అమ్మ ఈ మాట ఫోన్‌లో విని, "పిల్లని సముద్రంలో దింపుతావట్రా?" అని కేకలేసింది. గోదాట్లో నన్ను మూడో మెట్టు దాటనివ్వని మనిషి! గోదారి ఒడ్డున పుట్టిన నేను ఈత నేర్చుకున్నది నలభయ్యో ఏట, పాపటోయిటోయి ఈతకొలనులో, మా అమ్మాయి పక్కనే.

మా పక్కింటి పెద్దావిడ ఫిజీ తెలుగావిడ. 1903 తర్వాత మద్రాసు రేవులో కూలీల ఓడ ఎక్కి వచ్చారట వాళ్ల తాతగారు. అంతకు ముందే, 1884లో, కలకత్తా నుంచి వచ్చిన 'సిరియా' అనే ఓడ నసిలాయి దగ్గర పగడపు దిబ్బకు కొట్టుకుని 59 మంది పోయారు. "మా పెద్దలు భయపడ్డ దిబ్బని మీరు డబ్బిచ్చి చూస్తారా!" అని నవ్వింది ఆవిడ.

కోరల్ కోస్ట్‌లో శిక్షకుడు ముందు సైగలు నేర్పాడు. బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగపట్టకూడదు. దిగుతుంటే చెవులు నొప్పెడతాయి, ముక్కు మూసుకుని మెల్లగా ఊదాలి. పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు మరి.

అక్కడ నా చేతివంక చూసుకుని ఉలిక్కిపడ్డాను. కుజుడి కోసం అమ్మ పెట్టించిన పగడపు ఉంగరం నల్లగా మాడినట్టుంది! శిక్షకుడు టార్చి వేయగానే మళ్లీ ఎర్రబడింది. వెలుగులోని ఎరుపును నీళ్లు అన్నిటికన్నా ముందు మింగేస్తాయట. పక్కనే చిలక ముక్కులాంటి నోటితో పారట్ ఫిష్ దిబ్బను కొరుకుతుంటే కరకర వినపడింది. పిల్లలూ, అది కొరికిన రాయి పిండై, ఇసుకగా బయటికొస్తుంది. ఆ తెల్లని తీరాల్లో సగం దాని పుణ్యమేనేమో!

కొన్నిచోట్ల పగడాలు సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. ఒడ్డుకొచ్చాక శిక్షకుడు చెప్పాడు: పగడం చెట్టూ కాదు, రాయీ కాదు, జంతువు. దాని ఒంట్లో ఉండే నాచే దానికి రంగూ, తిండీ ఇస్తుంది. నీళ్లు వేడెక్కితే ఆ నాచు వెళ్లిపోతుంది. త్వరగా చల్లబడితే తిరిగొస్తుంది, లేకపోతే పగడం ఆకలితో చస్తుంది.

"నాన్నా, మరి నీ ఉంగరం?"

అది వేరే జాతి, ఎక్కువగా మధ్యధరా సముద్రంలోది. కానీ అదీ జంతువు ఎముకలాంటిదేనన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

ఆదివారం వీడియోలో నాన్నమ్మకు అంతా తెలుగులోనే చెప్పింది. అమ్మ తన వేలి ఉంగరం తిప్పుకుంటూ విని, "అయితే దానికి ఆకలేస్తుందటే?" అంది.

"రాత్రిళ్లు ఇలా చేతులు చాపి తింటుంది నాన్నమ్మా," అని పది వేళ్లూ ఆడించి చూపించింది.