రాజంపేట మాట

కడప నుండి తిరుపతి వైపు సాగే రహదారిలో ఒంటిమిట్టను, ఆపై నందలూరు వద్ద చెయ్యేటిని దాటితే రాజంపేట సమీపిస్తుంది. దూరాన కొండల వరుసలు, దారి పొడవునా మామిడి, అరటి, బొప్పాయి తోటలు. వాన సకాలంలో పడితే పచ్చగానూ, పడకపోతే ఎర్రగానూ కనిపించే నేల ఇది. ఎర్రచందనానికి పుట్టినిల్లు ఈ ప్రాంతపు కొండలే. ఆ చెట్టు వలెనే ఈ నేలకు తనదైన మాట కూడా ఒకటి ఉన్నది. గత శీతకాలంలో మద్రసా పరీక్షల నిమిత్తం ఇక్కడ వారం రోజులు గడిపినప్పుడు, ఆ మాటను గురించి కొంత ఆలోచించే అవకాశం మాకు కలిగినది.

అంగడి వీధిలో నడిస్తే చాలు, అది చెవిన పడుతుంది. ఉల్లిపాయ ఇక్కడ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ, వేరుశనగ చెనిక్కాయ. కొంచెం అనడానికి ‘రొంత’ అంటారు, ఎక్కడికి అనడానికి ‘యాడికి’, ఊరకుండమనడానికి ‘గమ్మునుండు’. మన ముస్లిం ఇళ్ళలో దీనికి తోడు దక్ఖనీ ఉన్నది. ‘నహీఁ’ అనవలసిన చోట ‘నక్కో’, ‘హాఁ’ అనవలసిన చోట ‘హౌ’, ‘క్యోఁ’కు బదులు ‘కైకు’ పలుకుతాయి. వీధి మాట ఒకటి, ఇంటి మాట ఒకటి, బడి పుస్తకం మాట మరొకటి. ఇన్నింటి నడుమ ఇక్కడి పిల్లలు పెరుగుతున్నారు.

ఈ మాట నవ్వులాటకు పుట్టినది కాదు. 2021 నవంబరు 19న చెయ్యేటిపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరద తాకిడికి తెగిపోయినది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామాల మీద నీరు విరుచుకుపడి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఆనాటి సంగతి మాకు చెప్పిన ఒక వృద్ధుడు, “‘ఏరు వచ్చాంది, మిద్దెలెక్కండి’ అని అరిచినారు సామీ” అన్నాడు. ఆ తెల్లవారుజామున ప్రాణాలు కాపాడిన కేకలు ఈ యాసలోనే వినిపించాయి. అది విన్నవారు ఎవరూ దీనిని మోటు మాట అనజాలరు.

మాకు ఆతిథ్యమిచ్చిన ఇంటిలో ఈ మాట మీదనే వాదు నడుస్తున్నది. ఇంటి యజమాని ఈ ఊరిలో పుట్టి, హైదరాబాదులో చదివి, పదేళ్ళకు పైగా విజయవాడలో ఉద్యోగం చేసి, వృద్ధురాలైన తల్లి సేవ కోసం భార్యాబిడ్డలతో తిరిగి వచ్చాడు. ఆయన భార్యది గుంటూరు. వారి కుమారునికి తొమ్మిదేళ్ళు. రాజంపేట వచ్చి ఏడాది కాకముందే ఆ పిల్లవాని నోట ఊరి మాట చక్కగా కుదిరినది. దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని, “అబ్బా, నేను ఆడుకునేదానికి పోతాండా, రొంతసేపుండి వచ్చా” అన్నాడు. తండ్రి వెంటనే, “‘పోతాండా’ కాదు, ‘వెళ్తున్నాను’ అను” అని సరిదిద్దాడు. పిల్లవాడు తల వంచి అట్లే అన్నాడు. ఆ భోజనంలోనే మరి రెండు సార్లు అదే జరిగినది. ఆ తరువాత అతడు ఏమీ మాట్లాడలేదు. అన్నం సగం విడిచి లేచి, దాదీ గదిలోకి వెళ్ళిపోయాడు.

సాధారణంగా ఇటువంటి తగవులో పరాయి ఊరి నుండి వచ్చినవారు యాసను కాదంటారు, స్వంత ఊరివారు దానిని సమర్థిస్తారు. ఇక్కడ అది తలక్రిందులుగా ఉన్నది. “హజ్రత్, కాలేజీలో నేను నోరు తెరిస్తే చాలు నవ్వేవారు. సినిమాలో కత్తి పట్టినవాడి మాట నీది అనేవారు. ఉద్యోగానికి పోయిన చోట నోరు విప్పేందుకు భయపడేవాణ్ణి. ఆ అవమానం నా బిడ్డకు వద్దు” అని తండ్రి అన్నాడు. తలుపు చాటు నుండి గుంటూరు తల్లి బదులు పలికినది: “వచ్చిన కొత్తలో మూడు నెలలు వీడితో ఎవ్వరూ ఆడలేదు, హజ్రత్. టీవీ మాటలోడని వెక్కిరించారు. ఇప్పుడు వీధంతా వీడి స్నేహితులే. అత్తమ్మ దగ్గర కూర్చుని గంటల తరబడి కథలు వింటాడు. ఆ మాట తీసేస్తే వీడికి ఈ ఊళ్ళో ఏం మిగులుతుంది?”

ఇద్దరి మాటలలోనూ ప్రేమయే ఉన్నది. తండ్రి భయం నిరాధారమైనది కాదు. పరీక్ష కాగితం మీద, ఉద్యోగపు ముఖాముఖిలో ఒక సామాన్య భాష అవసరమే. అయితే యాసను తప్పుగా భావించడం మన ధర్మ సంప్రదాయానికి అనుగుణమేనా అన్న ప్రశ్న మిగులుతుంది.

దివ్యఖుర్ఆన్ అర్రూమ్ సూరా 22వ ఆయతులో భూమ్యాకాశాల సృష్టితో పాటు మనుషుల భాషల, వర్ణాల భేదం కూడా అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొనబడినది. మక్కా ఖురైషు కుటుంబాలలో పసిబిడ్డలను ఎడారి తెగల వద్ద పెంచే ఆచారం ఉండేది. అక్కడి ఆరోగ్యకరమైన గాలితో పాటు అక్కడి స్వచ్ఛమైన అరబీ కూడా బిడ్డకు అబ్బాలని వారు కోరేవారు. మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బనూ సఅద్ తెగకు చెందిన హలీమా వద్ద పెరిగిన సంగతి ప్రతి ముస్లిం ఇంటికీ తెలిసినదే. పట్టణపు పెద్దలు పల్లె మాట కోసం బిడ్డలను పంపిన చరిత్ర అది. మనమో, పల్లె మాట అంటుతుందని బిడ్డలను వీధిలోకి పోనివ్వడం లేదు!

సహీహ్ బుఖారీలోని మరొక సంఘటన గమనార్హం. హిషామ్ బిన్ హకీమ్ (రజి) నమాజులో ఫుర్ఖాన్ సూరాను తాము నేర్చుకొన్న దానికి భిన్నంగా పఠించడం విని హజ్రత్ ఉమర్ (రజి) ఆగ్రహించారు. నమాజు ముగియగానే ఆయనను పట్టుకొని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి తీసుకొని వచ్చారు. ప్రవక్త ఇద్దరి పఠనమూ విని, రెండూ అట్లే అవతరించినవని, ఖుర్ఆన్ ఏడు హర్ఫులలో అవతరించినదని, సులభమైన రీతిలో పఠించమని తెలిపారు. ఏడు హర్ఫులంటే ఏమిటన్న విషయంలో విద్వాంసుల అభిప్రాయాలు అనేకం. అరబ్బు తెగల పలుకుబడులకు లభించిన వెసులుబాటు అన్నది వాటిలో ప్రసిద్ధమైనది. తరువాత హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో ప్రతులు వ్రాయించినప్పుడు, భేదం వచ్చిన చోట ఖురైషు భాషలో వ్రాయమని ఆదేశించారు. నాలుకకు వెసులుబాటు, వ్రాతకు ఒక కట్టుబాటు: రెండూ మన చరిత్రలో ఉన్నవి. తల్లి వాదానికీ, తండ్రి వాదానికీ వీటిలో చోటున్నది.

రాజంపేటవారికి ఈ సంగతి తెలుసుకోవడానికి పుస్తకాలే అక్కరలేదు. ఈ ప్రాంతంలో కువైటుకు వెళ్ళి వచ్చినవారు లేని వీధి అరుదు. అక్కడివారు కోడిని పుస్తకాలలోని ‘దజాజ్’ అనరు, ‘దియాయ్’ అంటారు. ఇంట అట్లా మాట్లాడిన కువైటీయే మసీదులో తజ్వీదుతో ఖుర్ఆన్ పఠిస్తాడు. ఒకటి ఇంకొకదానికి అడ్డు రాలేదు. అరబ్బుకు చెల్లినది మన పిల్లవానికి ఎందుకు చెల్లదు?

ఇక తెలుగు సంగతి. నేడు మనం పత్రికలలో చదివే భాష ఎక్కువగా కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల విద్యావంతుల మాట మీద నిలిచినది. అచ్చు యంత్రాలు, కళాశాలలు, పత్రికలు అక్కడ బలపడినందున ఆ మాటకు ఆ స్థానం దక్కినది. మిగిలిన మాటలు తప్పులైనందున కాదు. తెలుగు నిఘంటువుతో చిరస్మరణీయుడైన సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి, అక్కడే తెలుగు మీద మక్కువ పెంచుకొన్నాడు. మన కాలంలో, కడప జిల్లా వేంపల్లెకు చెందిన వేంపల్లె షరీఫ్ సీమ ముస్లింల జీవితాన్ని చిత్రించిన ‘జుమ్మా’ కథల సంపుటికి కేంద్ర సాహిత్య అకాదమీ యువ పురస్కారం లభించినది. తండ్రి ఏ మాటకు సిగ్గుపడుతున్నాడో ఆ నేల మాటకు దక్కిన గౌరవమిది.

మేము ఆ దంపతులతో చెప్పినది ఇంతే. పిల్లవాని నోటుపుస్తకాన్ని సరిదిద్దండి, దస్తర్‌ఖాన్ మీది మాటను సరిదిద్దకండి. ‘పోతాండా’ తప్పు అని చెప్పక, బడిలో ‘వెళ్తున్నాను’ అని వ్రాస్తారని చెప్పండి. అప్పుడు వానికి ఒక మాట పోయి మరొకటి రాదు, రెండు మాటలు ఉంటాయి. పదిమంది ఎదుట బిడ్డ మాటను ఆపకండి. ఈనాడు యాస కోసం మూయించిన నోరు, రేపు కష్టం వచ్చిన నాడు తల్లిదండ్రుల ముందు తెరుచుకోదు. కాలేజీలో నవ్వినవారి విషయమంటారా, హుజురాత్ సూరా 11వ ఆయతు ఒకరినొకరు ఎగతాళి చేయడాన్ని నిషేధించినది. దోషం నవ్విన నోటిదే. ఆ దోషానికి శిక్షను మన బిడ్డకు వేయడం న్యాయం కాదు.

తండ్రి వెంటనే ఒప్పుకొన్నాడని చెప్పలేము. మగ్‌రిబ్ తరువాత ప్రతి రోజూ అరగంట పత్రిక బిగ్గరగా చదివించాలని పట్టుబట్టాడు. తల్లి అందుకు సమ్మతించినది, భోజనం దగ్గర మాత్రం తప్పులు పట్టవద్దని షరతు పెట్టినది. ఆయన రొంతసేపు ఆలోచించి తల ఊపాడు. మేము ఉన్న మిగిలిన మూడు రోజులూ ఆ షరతు నిలిచినది. పిల్లవాడు పత్రికను నిదానంగా, స్పష్టంగా చదివాడు. చదివినదంతా దాదీకి తన మాటలో మళ్ళీ చెప్పాడు. ఆమెకు చదువు రాదు. లోకం సంగతులు ఇప్పుడు ఆమెకు మనుమని నోట, తన ఊరి మాటలో అందుతున్నవి.

పాఠక సోదర సోదరీమణులారా! మీ ఇంట కూడా బిడ్డ ఏదో ఒక ఊరి మాటను మోసుకొని వస్తూ ఉండవచ్చు. వానికి మంచి భాష నేర్పండి, అది మీ బాధ్యత. కానీ వాని నాలుకను అవమానించకండి. అల్లాహ్ మన బిడ్డల మాటలో సత్యాన్ని, మన వినికిడిలో ఓర్పును ప్రసాదించుగాక! ఆమీన్.