ఫ్లింట్‌లో ఒకప్పుడు

ఆటోవరల్డ్ అనే థీమ్ పార్కు ఇప్పుడు లేదు. అమెరికాలోని ఫ్లింట్‌లో కార్ల ఫ్యాక్టరీలు కుంగిపోతుంటే, పర్యాటకులైనా వస్తారన్న ఆశతో 1984 జులైలో దాన్ని తెరిచారు. లోపల ఒక కార్మికుడి బొమ్మ ఉండేది. తన పనిని లాగేసుకున్న మరమనిషినే నేస్తమంటూ పాట పాడేది. అనుకున్నంత జనం రాలేదు. 1997లో ఆ కట్టడాన్ని కూల్చేశారు. బొమ్మా పాటా మాత్రం మైకేల్ మూర్ 1989లో విడుదల చేసిన ‘రోజర్ అండ్ మీ’ డాక్యుమెంటరీలో మిగిలాయి.

మూర్ ఆ ప్రాంతం బిడ్డ. తండ్రిది జనరల్ మోటార్స్ వారి స్పార్క్‌ప్లగ్గుల ఫ్యాక్టరీలో పని. బంధువు ఒకాయన 1936–37 నాటి పెద్ద సమ్మెలో ఫ్యాక్టరీ లోపలే బైఠాయించినవాడు. మూర్ కొన్నేళ్లు ‘ఫ్లింట్ వాయిస్’ అనే చిన్న పత్రిక నడిపాడు. దాన్ని నిలబెట్టడానికి గాయకుడు హ్యారీ చాపిన్ కచేరీలు చేసిపెట్టేవాడు. చాపిన్ 1981లో పోయాడు, తర్వాత పత్రికా ఆగిపోయింది. సినిమా తీయడం ఎక్కడా నేర్చుకోని మూర్, ఇల్లు తాకట్టు పెట్టి, బింగో ఆటలు ఆడించి డబ్బు కూడబెట్టాడు. టోపీ పెట్టుకుని, మైకు పట్టుకుని, కార్మికులను తొలగిస్తున్న జనరల్ మోటార్స్ ఛైర్మన్ రోజర్ స్మిత్‌ని ఫ్లింట్‌కి తీసుకురావాలని తిరిగాడు. కాపలావాళ్లు లిఫ్టు దగ్గరే ఆపేసేవారు.

నన్ను వదలనిది ఆ తిరుగుడు కాదు. కుందేళ్లను పెంచుకునేవాళ్లకీ, వండుకునేవాళ్లకీ అమ్ముకుంటూ బతుకు ఈడ్చిన ఆవిడ. స్మిత్ క్రిస్మస్ శుభాకాంక్షలు చెబుతుంటే, ఇంకోచోట అద్దె కట్టలేని వాళ్ల సామాను వీధిలో పడుతుంది. నవ్వించిన మనిషే మన గొంతు పట్టుకునేది అక్కడ.

సంఘటనల వరుస మార్చాడని విమర్శకులు తప్పుపట్టారు. న్యాయమైన మాటే. ఆటోవరల్డ్ తెరిచింది, సినిమాలో చూపిన పెద్ద తొలగింపులకు ముందు. పోయిన ఊరిని దాచిపెట్టే సినిమాకి తేదీలు కూడా బాధ్యతే.

ఆ తర్వాత 2003లో ఆస్కార్, 2004లో కాన్ అగ్ర బహుమతి వచ్చాయి. తుపాకుల మీద, యుద్ధం మీద తీసినవాటికి. వాటిలో కోపం పెద్దది. ఇరుగుపొరుగు మాత్రం మొదటి సినిమాలోనే ఎక్కువ.

ఫ్లింట్‌లోని బ్యూక్ సిటీ ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. 2014లో ఊరి కుళాయి నీళ్లలో సీసం కలిసింది. 2018 నాటి సినిమాలో మూర్ ఆ నీళ్లనే ట్యాంకర్లో తెచ్చి, గవర్నరు ఇంటి ఆవరణలోకి చిమ్మాడు. 1960లో దాదాపు 2 లక్షల మంది ఉన్న ఫ్లింట్‌లో అప్పటికి లక్షమంది కూడా లేరు.