అమ్మకు వేసిన కుర్చీ



మా అమ్మ ప్రభువునందు నిద్రించినప్పుడు, జ్ఞాపకార్థ కూడికకు ఆమె ఫొటో కావాలని ఇల్లంతా వెదికాము. ఉన్నవన్నీ పెళ్లి ఫొటోలే. వాటిలో అమ్మ వెనుక వరుసలో ఎక్కడో నిలబడి, సగం ముఖమే కనబడుతున్నది. ఆమె కూర్చున్న ఫొటో ఒక్కటీ లేదు.

కొంతకాలానికి ఒక పుస్తకములో ఒక తల్లి చిత్రము చూచాము. జేమ్స్ విస్లర్ అనే అమెరికా చిత్రకారుడు 1871లో లండనులో తన తల్లి అన్నాను చూస్తూ నూనె రంగులతో వేసిన చిత్రమది. నల్లని బట్టలు, తెల్లని లేసు టోపీ, ఒడిలో చేతులు, పాదాల క్రింద చిన్న పీట. ప్రక్కకు తిరిగి నెమ్మదిగా కూర్చున్నది.

ఆ నెమ్మది సుఖములో నుండి వచ్చినది కాదు. రైలుమార్గపు ఇంజనీరైన భర్త రష్యాలో పని చేస్తూ 1849లో మరణించాడు. కన్న అయిదుగురు కుమారులలో ముగ్గురిని చిన్నతనములోనే పోగొట్టుకొన్నది. అయినను ప్రార్థన మానలేదు, ఆదివారమును పరిశుద్ధముగా ఆచరించుట మానలేదు.

మొదట ఆమెను నిలబెట్టి చిత్రించాలని కుమారుడు తలంచాడు. వయస్సు అరవై దాటిన ఆమె అంతసేపు నిలువలేకపోయింది. అందుచేత కుర్చీ వేసి కూర్చుండబెట్టాడు. ఈ మాట చదివినప్పుడు మా హృదయము నొచ్చుకొన్నది. మేమందరము భోజనానికి కూర్చుంటే మా అమ్మ నిలబడి వడ్డించేది. “నీవు కూర్చో అమ్మా” అని కుర్చీ వేసినవారము కాము.

కుమారుడు ఆ పటానికి బూడిదరంగు, నలుపుల అమరిక అని పేరు పెట్టాడు. తనకు రంగులే ముఖ్యమన్నాడు. లోకము మాత్రము దానిని “విస్లర్ తల్లి” అనే పిలిచింది. 1891లో ఫ్రాన్సు ప్రభుత్వము దానిని కొన్నది. 1934లో అమెరికా మాతృదినోత్సవపు తపాలా బిళ్లపై ఆ రూపమునే ముద్రించారు. ఆమె ఇవేవీ చూడలేదు, 1881లోనే మరణించింది.

తిమోతి విశ్వాసమును గూర్చి వ్రాసిన పౌలు, అతని అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరుపెట్టి జ్ఞాపకము చేసికొన్నాడు. మన ఇండ్లలోను అట్టి తల్లులున్నారు. మీ అమ్మ సజీవురాలై ఉంటే, ఈ సాయంకాలము పని ప్రక్కన పెట్టించి కుర్చీ వేయండి. ఎదుట కూర్చుండి ఆమె ముఖము చూడండి. మేము చేయనిది మీరైనా చేయుటకు ప్రభువు సహాయము చేయును గాక. ఆమేన్.